అత్తయ్య అప్పజెప్పిన పాఠం

ఈ మధ్య పాఠకులు ఉత్తరాల్లో తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "మా నాన్నగారు పల్లెలో ఉంటారు. షుగరు, రక్తపుపోటు ఉన్నాయి. నెలనెలా పట్నం రాలేరు. రిపోర్టులు ఫోన్లో డాక్టరుగారికి పంపి, మందులు కూడా ఫోన్లోనే రాయించుకుంటే సరిపోదా?" అని.

సరిపోతుంది. కొందరికి చక్కగా సరిపోతుంది. అయితే ఆ కొందరు ఎవరో పోల్చుకోవడంలో నేనే ఒకసారి పొరపాటు పడ్డాను. ముప్పై ఏళ్ళకు పైగా వైద్యం చేసినవాణ్ణి. పొరపాటు పడింది ఎవరో ముక్కూ మొహం తెలియని రోగి విషయంలో కాదు, నన్ను ఎత్తుకు పెంచిన మా మేనత్త విషయంలో. అంచేత సలహా చెప్పే ముందు ఆ సంగతి చెప్పుకోవడం న్యాయం.

మా మేనత్తది దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక పల్లె. నా ప్రాక్టీసు గుడివాడలో. 2022 నాటికి ఆవిడకు 76 ఏళ్ళు. మామయ్య పోయి చాలా కాలమైంది. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో. ఇద్దరూ తమ దగ్గరికి రమ్మంటారు. "ఆ డబ్బా ఇళ్ళల్లో నాకు ఊపిరాడదురా" అని ఆవిడ కదలదు. పన్నెండేళ్ళుగా షుగరు. అంతకు ముందు నుంచే రక్తపుపోటు. రెండు నెలలకోసారి అవనిగడ్డలో ఒక బస్సు, పామర్రులో ఇంకో బస్సు మారి గుడివాడ వచ్చేది. ఒక సంచిలో మాత్రల షీట్లు, ఇంకో సంచిలో నా కోసం దొండకాయలు.

ఆ ఏడు మోకాళ్ళు పట్టేశాయి. బస్సు ఎక్కడం కష్టమైంది. దసరాకు వచ్చిన కొడుకు ఒక పెద్ద ఫోను కొనిచ్చి, "అమ్మా, ఇక నువ్వు బస్సులు ఎక్కనక్కర్లేదు, బావకు ఇందులోనే చూపించుకోవచ్చు" అని చెప్పి వెళ్ళాడు. మంచి ఆలోచనే. నేనూ సంతోషించాను.

కార్తీకమాసం వచ్చింది. నాగాయలంకలో రక్తపరీక్ష చేయించుకుంది. పక్కింటి కుర్రాడు ఆ కాగితం ఫోటో తీసి పంపాడు. చూశాను. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త పెరిగింది. వయసు పైబడింది, తిండి తగ్గింది. ఇటువంటప్పుడు గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర మోతాదు తగ్గించాలి. లేకపోతే రక్తంలో చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి పొద్దున వేసుకొనే 2 మిల్లీగ్రాముల మాత్ర మాన్పించి 1 మిల్లీగ్రాముది రాశాను. కింద "పాతది ఆపండి" అని కూడా రాశాను. అంతా ఇంగ్లీషులో, డాక్టర్లు రాసే రాతలో. ఫోటో తీసి పంపాను. కాసేపటికి రెండు నీలం గీతలు పడ్డాయి. అయినా మనసాగక ఫోను చేశాను.

"అత్తయ్యా, చీటి వచ్చిందా?"

"వచ్చింది నాయనా."

"చూశావా?"

"చూశాను. నీ రాత నాకు తెలియదూ!"

"అలాగే వాడు మరి."

"అలాగేరా."

అంతే మా సంభాషణ. ఒక్క నిమిషం పట్టలేదు. నా పని నేను చక్కగా చేశాననుకొని తరువాతి రోగిని పిలిచాను.

అక్కడ జరిగింది వేరు. కుర్రాడు ఆ ఫోటో చూపించి కొత్త మాత్రలు తెచ్చిపెట్టాడు. కంపెనీ వేరు, రంగు వేరు. అత్తయ్య తన లెక్క తాను కట్టుకుంది. పాతది పొద్దున వేసుకొనేది, దాన్ని మానమని ఎవరూ చెప్పలేదు కదా! కొత్తది అదనంగా ఇచ్చారు కాబట్టి అది రాత్రికి అయి ఉంటుంది. రెండూ వేసుకోవడం మొదలుపెట్టింది. నాలుగో రోజు కార్తీక సోమవారం. పగలంతా ఉపవాసం. చుక్క చూసి నాలుగు పళ్ళ ముక్కలు తిని, కొత్త మాత్ర వేసుకొని పడుకుంది.

తెల్లవారుజామున పాలు పోయడానికి వచ్చిన పొరుగావిడకు తలుపు తియ్యలేదు. వెనక దారిన లోపలికి వెళ్ళి చూస్తే ఒళ్ళంతా చెమట, చల్లగా చేతులు, సంబంధం లేని మాటలు. మనిషిని గుర్తుపట్టడం లేదు. ఆ తల్లి గాభరా పడకుండా గోడ మీద రాసి ఉన్న నా నంబరుకు తన చిన్న ఫోను నుంచి చేసింది. ఆ చిన్న ఫోనే మా అత్తయ్యను కాపాడింది సుమా!

"మింగగలుగుతోందా?" అని అడిగాను. "నీళ్ళిస్తే మింగుతోందండీ" అంది. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించమన్నాను. పదిహేను నిమిషాలకు మళ్ళీ ఇమ్మన్నాను. కాస్త తెలివి వచ్చాక కూడా ఇంట్లో ఉంచవద్దని, వెంటనే అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకు వెళ్ళమని చెప్పాను. ఆసుపత్రిలో చూసేసరికి, అంత చక్కెర తాగిన తరువాత కూడా, 58 ఉంది. ఒక పగలు, ఒక రాత్రి గ్లూకోజు ఎక్కించారు. ఎందుకంటే ఈ జాతి మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది. ఒకసారి లేచి కూర్చున్న మనిషి మళ్ళీ పడిపోవచ్చు. ఇది పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఇంకొకటి, మింగలేని స్థితిలో ఉన్న మనిషి నోట్లో నీళ్ళు గానీ పంచదార గానీ పొయ్యకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కి ఫోను చెయ్యాలి.

అడగడంలోనే ఉంది తప్పు

మర్నాడు మంచం పక్కన కూర్చున్నాను. మనసులో కోపం ఉంది, భయం ఉంది. "ఫోన్లో చీటి చదవడం రాదని నాతో ఒక్క మాట అనకపోయావా అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ నీరసంగా నవ్వింది. "నువ్వు వచ్చిందా అన్నావు, వచ్చిందన్నాను. చూశావా అన్నావు, చూశానన్నాను. ఏం వేసుకుంటావు అని నువ్వు అడగలేదురా" అంది. కాసేపాగి, "అంత డబ్బు పోసి పిల్లాడు కొనిచ్చాడు. రాదంటే వాడు చిన్నబుచ్చుకోడూ?" అంది.

నేను తలవంచుకున్నాను. నేను అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు 'ఊఁ' తప్ప మరొకటి రాదు. చిన్నప్పుడు మాకు బడిలో పంతులుగారు పాఠం చెప్పి "అర్థమైందా?" అని ఊరుకొనేవారు కాదు. "ఏదీ, అప్పజెప్పు" అనేవారు. పద్యం అప్పజెప్పించుకున్నారు, ఎక్కాలు అప్పజెప్పించుకున్నారు. ప్రాణం మీదికి వచ్చే మందును మాత్రం నేను అప్పజెప్పించుకోలేదు.

కార్డుముక్క కాలం

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో దివిసీమ రోగులు పోస్టుకార్డులు రాసేవారు. తమకు చదువు రాకపోతే బడిపిల్లల చేత రాయించేవారు. "మీరిచ్చిన తెల్లబిళ్ళ అయిపోయినది. కాళ్ళు వాచినవి. అదే వాడవలెనా, మానవలెనా?" ఇలా ఉండేది. కార్డు రావడానికి రెండు మూడు రోజులు, నా జవాబు వెళ్ళడానికి రెండు మూడు రోజులు. ఆలస్యం నిజమే. కానీ అందులో రోగి గొంతు ఉండేది. తన మందు గురించి తానేమనుకుంటున్నాడో నాకు తెలిసేది. ఇప్పుడు క్షణంలో వెళ్ళే ఫోటోలో నా రాత ఉంది గానీ ఆవిడ గొంతు లేదు.

కబురు విలువ మా అత్తయ్యకు తెలియక కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నేను బందరులో చదువుకుంటున్నాను. 10,000కు పైగా మనుషులు పోయారు. తీగలు తెగాయి, రోడ్లు తెగాయి. అత్తయ్య బతికి ఉందో లేదో చెప్పే దిక్కు లేదు. ఎన్నో రోజులకు ఒక మనిషి నడిచి వచ్చి కబురు చెప్పాడు. అప్పటి నుంచి ఆవిడకు ఫోను మోగడమంటే అవతల మనిషి బతికి ఉన్నాడని అర్థం. అందుకే ఎప్పుడు మోగినా పరుగున వచ్చి ఎత్తుతుంది. ఎత్తడం వచ్చు. ఎత్తడం వస్తే అన్నీ వచ్చినట్టేనని మేమనుకున్నాం.

ఫోను ఉండటం వేరు, వాడటం వేరు

ఆ తరువాత నా దగ్గరికి వచ్చే దీర్ఘరోగులను వేరే కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. ఫోను మోగితే ఎత్తడం ఒక విద్య. తనంతట తాను డాక్టరుకు చెయ్యడం ఇంకొకటి. వచ్చిన సందేశం తెరవడం, పోయిన నెల చీటిని వెతికి పట్టుకోవడం, స్పష్టంగా ఫోటో తియ్యడం, మళ్ళీ ఇవన్నీ వేరు వేరు విద్యలు. అన్నిటికంటే కష్టమైనది "నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అనగలగడం. దీనికి ఫోను రకంతో పని లేదు, చదువుతో కూడా పని లేదు.

బందరులో నాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఉన్నారు. ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఫోన్లో ఏ విద్యా ఆయనకు రానిది లేదు. మాత్రల వేళ గుర్తుచెయ్యడానికి అలారం పెట్టుకున్నారు. అది పొద్దున 8 గంటలకు మోగుతుంది. ఆ సమయానికి ఆయన కోనేరు సెంటరులో స్నేహితులతో ఉంటారు. జేబులోంచి తీసి నొక్కేస్తారు. మాత్రలు ఇంట్లో ఉంటాయి. ఇంటికి వచ్చేసరికి, అలారం నొక్కిన జ్ఞాపకం మాత్ర మింగిన జ్ఞాపకంలా మారిపోతుంది. రక్తపుపోటు 170కి దిగకపోతే మాత్ర పని చెయ్యడం లేదని నన్ను నిందించారు. ఇంకో రకం మాత్ర కలపబోయాను కూడా. వారం రోజుల షీటు తెప్పించి లెక్కపెడితే సగం అలాగే ఉన్నాయి! అలారాన్ని పొద్దుటి కాఫీ వేళకు మార్చి, మాత్రల డబ్బా కాఫీ గిన్నె పక్కన పెట్టించాం. నెలకు 140కి దిగింది.

గుడివాడలో ఇంకొకావిడ ఉంది. సంతకం చెయ్యడం తప్ప చదువు రాదు. గుండెలో కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వాడాలి. ఈ మాత్ర కత్తి మీద సాము. తక్కువైతే కవాటం మీద రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఎక్కువైతే లోపల రక్తస్రావం. ఐ.ఎన్.ఆర్. అనే పరీక్ష చేయిస్తూ, కవాటాన్ని బట్టి డాక్టరు చెప్పిన అంకెల మధ్య ఉంచుకోవాలి. ఆవిడ దగ్గర ఉన్నది బొత్తాల ఫోను. పరీక్ష చేయించుకొని, ల్యాబులో అంకె రెండుసార్లు చెప్పించుకొని, నాకు ఫోను చేస్తుంది. "రెండూ పాయింటు ఆరండీ. పోయినసారి రెండూ పాయింటు నాలుగు. సోమ, గురు ఒకటిన్నర, మిగిలిన రోజులు ఒకటి. ఇలాగే వెయ్యనా?" అంటుంది. గోడ క్యాలెండరు మీద ఒకటిన్నర మాత్ర రోజుల్లో బొట్టు పెట్టుకుంటుంది. తోటకూర, గోంగూర తినాలంటే తింటుంది గానీ, ఒక వారం పూర్తిగా మాని ఇంకో వారం రోజూ తినడం చెయ్యదు. ఒళ్ళు నొప్పులకు ఎవరు ఏ బిళ్ళ ఇచ్చినా నన్ను అడగకుండా నోట్లో వేసుకోదు. ఫోను వాడటమంటే అది.

బందరు పెద్దమనిషికి ఫోను వచ్చు, మందు రాదు. మా అత్తయ్యకు మందు వచ్చు, ఫోను రాదు. గుడివాడ ఆవిడకు రెండూ వచ్చు, ఎందుకంటే తాను చెప్పింది డాక్టరు చేత ఔననిపించుకొనే అలవాటు ఆవిడకు ఉంది.

దేశవిదేశాల అనుభవం

మందులు సరిగా వాడకపోవడం మన ఒక్కరి జబ్బు కాదు. సంపన్న దేశాల్లో కూడా దీర్ఘరోగుల్లో చెప్పినట్టు మందు వాడేవారు సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో నివేదిక ఇచ్చింది. ఫోనుతో ఆ లోటు తీర్చవచ్చునా అని చాలా చోట్ల పరీక్షించి చూశారు.

ఆఫ్రికాలోని కెన్యా దేశంలో హెచ్.ఐ.వి. మందులు మొదలుపెట్టిన 538 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆసుపత్రి నర్సు వారానికోసారి ఒక చిన్న సందేశం పంపేది. అందులో మందు పేరు లేదు, జబ్బు పేరు లేదు. స్వాహిలీ భాషలో "మాంబో?" అని ఒక్క మాట, అంటే ఎలా ఉన్నారు అని. రోగి రెండు రోజుల్లో "సావా", అంటే బాగున్నాను అని గానీ, "షిడా", అంటే ఇబ్బంది ఉంది అని గానీ జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవారికీ, జవాబు ఇవ్వనివారికీ నర్సు ఫోను చేసి మాట్లాడేది. ఏడాది తరువాత చూస్తే సందేశం అందుకున్న భాగంలో 62 శాతం మంది మందు సరిగా వాడుతున్నారు. రెండో భాగంలో 50 శాతం. ఈ ఫలితాలు 2010లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చాయి.

మన దక్షిణ భారతదేశంలో కూడా అవే జబ్బు మందులు వాడే 631 మంది మీద ఇటువంటి ప్రయత్నం జరిగింది. ఇక్కడ వారానికోసారి యంత్రం ఫోను చేసేది. రికార్డు చేసిన గొంతు పలకరిస్తే బొత్తాం నొక్కి జవాబు చెప్పాలి. ఒక బొమ్మ సందేశం కూడా వచ్చేది. రెండేళ్ళు చూశారు. ఫోను వచ్చినవారికీ రానివారికీ ఫలితంలో తేడా కనిపించలేదు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దాన్ని ప్రచురించింది.

రెండు దేశాలు వేరు, మనుషులు వేరు. కాబట్టి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి గట్టి తీర్పు చెప్పకూడదు. కానీ ముప్పై ఏళ్ళ అనుభవంలో నాకు తోచింది చెబుతాను. గంట మోగించడానికి యంత్రం చాలు. "ఇబ్బంది ఉంది" అన్న మాట వినడానికి అవతల మనిషి ఉండాలి.

మన క్షయ నివారణ కార్యక్రమంలో వాడిన 99డాట్స్ అనే పద్ధతి కూడా ఇటువంటిదే. మాత్ర నొక్కి బయటికి తీసినప్పుడు అట్ట లోపల దాగిన ఫోను నంబరు బయటపడుతుంది. దానికి ఒక మిస్డ్ కాల్ ఇస్తే ఆ రోజు మాత్ర వేసుకున్నట్టు లెక్క. ఖర్చు లేదు, చదువు అక్కర్లేదు. మన జనం కనిపెట్టిన మిస్డ్ కాల్ విద్యను వైద్యానికి వాడుకోవడం తెలివైన పనే. అయితే మాత్ర మింగి కూడా ఫోను అందుబాటులో లేక కాల్ ఇవ్వనివారు ఉన్నారు. కాల్ ఇచ్చి మాత్ర మింగనివారూ ఉన్నారు. కాబట్టి లెక్కలో తేడా కనిపించినప్పుడు మళ్ళీ ఒక మనిషి వెళ్ళి పలకరించక తప్పదు.

మీరు చేయవలసినవి

1. అప్పజెప్పండి. డాక్టరు ఫోన్లో చెప్పింది విన్న వెంటనే "నేను పొద్దున ఇది, రాత్రి ఇది వేసుకుంటాను, ఫలానాది మానేస్తాను, సరేనా?" అని తిరిగి చెప్పండి. డాక్టరుగారికి తీరిక లేదని మొహమాటపడకండి. ఆ అర నిమిషం మీ హక్కు.

2. కొత్త మందు రాసినప్పుడు "ఏది వాడాలి?" కంటే ముందు "ఏది మానాలి?" అని అడగండి. మానెయ్యమన్న మాత్రలు అదే డబ్బాలో ఉంచకండి. ఒకే మందును వేరు వేరు కంపెనీలు వేరు వేరు పేర్లతో, వేరు వేరు రంగుల్లో తయారు చేస్తాయి. రంగును బట్టి గుర్తుపెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు మోసపోతాం. షీటు మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు ఇంట్లో చదువుకున్నవారి చేత చూపించుకోండి. 2008లో మొదలైన 104 బండి దగ్గర తీసుకున్న అమ్లోడిపిన్‌ను, బయట డాక్టరు రాసిన అమ్లోడిపిన్‌ను వేరు వేరు మందులనుకొని రెండూ వేసుకొని కాళ్ళు వాచి వచ్చినవారిని నేను చూశాను.

3. డాక్టరుకు ఫోటో పంపితే ఒక్క రిపోర్టే కాదు, మీరు ఇప్పుడు నిజంగా వాడుతున్న షీట్లన్నీ ఒక బల్ల మీద పరచి వాటి ఫోటో కూడా పంపండి. రోగి పేరు, వయసు, తేదీ రాయండి. ఒకరి చీటి చూసి ఇంకొకరు మందు కొనుక్కోకండి.

4. అలారం పెట్టుకుంటే మాత్రలు చేతికి అందే చోట ఉన్న వేళకు పెట్టుకోండి. మాత్ర నోట్లో పడ్డాకనే అలారం ఆపండి. ఒక పూట మరిచిపోతే తరువాతి పూటకు రెండు కలిపి వేసుకోకండి. ఉపవాసం ఉండదలిస్తే షుగరు మాత్ర ఏం చెయ్యాలో ముందుగా అడగండి.

5. ఫోను మీద వైద్యం చట్టవిరుద్ధమేమీ కాదు. 2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం దానికి నియమాలు ప్రకటించింది. పాత రోగికి వాడుతున్న మందునే కొనసాగించమని చెప్పడం అందులో తేలిక. అయితే మత్తు కలిగించే మందులు, నిద్రమాత్రల్లో కొన్ని ఫోను మీద రాయకూడదు. డాక్టరు రాయనంటే కోపగించకండి. ఇ-సంజీవని అనే ప్రభుత్వ సేవ ద్వారా కూడా డాక్టరుతో మాట్లాడవచ్చు. మీకు చేతకాకపోతే ఊళ్ళోని ఆరోగ్య సిబ్బందిని అడగండి.

6. ఫోన్లో సలహా కోసం కూర్చోకూడని వేళలున్నాయి. గుండెలో నొప్పి, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం, రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవారికి మలం నల్లగా పోవడం. ఇవి కనిపిస్తే ఫోటోలు పంపుతూ కూర్చోకండి. 108కి చెయ్యండి.

7. కృష్ణ డెల్టా వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. దివిసీమ లంకలు మునిగాయి. ఇటువంటప్పుడు ఇంట్లో కరెంటు ఉండదు, ఫోనులో చార్జి ఉండదు. ఫోన్లో ఉన్న మందుల చీటి ఎందుకూ పనికిరాదు. అంచేత మందుల పేర్లు, వేళలు తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, పదిహేను రోజుల మాత్రలతో కలిపి, తడవని డబ్బాలో పెట్టుకోండి. డాక్టరు నంబరు గోడ మీద కూడా ఉండాలి. మా అత్తయ్య బతికింది ఆ గోడ మీది నంబరు వల్లనే.

8. దూరాన ఉన్న కొడుకులకు, కూతుళ్ళకు. మీరు కొనిచ్చిన ఫోను అమ్మకు వాడటం రాకపోతే అది ఆవిడ తప్పు కాదు. రాదని చెప్పడానికి ఆవిడ సిగ్గుపడితే మాత్రం అందులో మన తప్పు కొంత ఉంది. "మందులు వేసుకున్నావా?" అని అడగకండి, "ఊఁ" అంటుంది. "ఈ పూట ఏమేం వేసుకున్నావు, ఎన్ని మిగిలాయి?" అని అడగండి. వీడియోలో షీటు చేత్తో పట్టుకొని చూపించమనండి.

అత్తయ్య ఇప్పుడు

ఆ పెద్ద ఫోను ఇప్పుడు బీరువాలో ఉంది. మనవరాలి ఫోటోలు చూడాలనిపించినప్పుడు పక్కింటి కుర్రాడి చేత తెరిపిస్తుంది. చేతిలో పాత బొత్తాల ఫోనే. మాత్రల షీట్ల మీద నేనే కాగితాలు అంటించాను. పొద్దుటిదానికి సూర్యుడు, రాత్రిదానికి చంద్రుడు. ప్రతి ఆదివారం ఆవిడే నాకు ఫోను చేస్తుంది. నేను ఎన్ని పనుల్లో ఉన్నా ఎత్తుతాను.

పోయిన నెల రక్తపుపోటు మాత్ర మార్చవలసి వచ్చింది. ఆసుపత్రిలో జనం. హడావిడిగా చెప్పేసి, "సరేనా అత్తయ్యా, ఉంటాను మరి" అన్నాను.

"ఆగరా, అప్పుడే పెట్టెయ్యకు" అంది అవతలి నుంచి. "నేనింకా అప్పజెప్పలేదు. సరిగ్గా విను."

బయట రోగులు ఎదురుచూస్తున్నారు. కలం పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి ఆనుకొని, అత్తయ్య పాఠం చివరిదాకా విన్నాను.